మందుల అంగడి నుండి ఔషధవిద్యకు
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు నన్నాదేశించిరి. విద్య యన్నంతనే మనవారు వైద్యమును, ఇంజనీరింగును, ప్రభుత్వోద్యోగములను తలంతురు. నేను మాత్రము మనలో నెవ్వరును అంతగా చర్చింపని యొక విద్యను గూర్చి, అదియు నిదివఱకే వేఱొక పనిలో కుదురుకొన్నవారి నుద్దేశించి విన్నవింప దలంచితిని. ఆ విద్య ఔషధవిద్య. లోకమున ఫార్మసీ యని పిలువబడునది.

మన కులవృత్తి నేత. నూలు ధరకును వస్త్రపు ధరకును పొంతన కుదరకయు, మరమగ్గముల పోటీకి నిలువలేకయు మనవారనేకులు షోలాపురమునకును, భీవండికిని, సూరతునకును తరలిపోయిన సంగతి మీకు తెలియనిది కాదు. ఊళ్లలో నిలిచినవారి బిడ్డలు కొందఱు పదవ తరగతియో, ఇంటర్మీడియటో ముగించి పట్టణములందలి మందుల అంగళ్లలో చేరిరి. ఉదయము తలుపు తీయుట మొదలు రాత్రి తాళము వేయువఱకు అంగడి వారి చేతిమీదుగనే నడచును. వైద్యుని గిలుకు వ్రాతను చదువగలరు. ఏ అరలో నే మందున్నదో కన్నులు మూసికొని చెప్పగలరు. గడువు దాటిన సరకును ఏఱివేయుటయు, లెక్కలు వ్రాయుటయు, ఇన్సులినును చల్లనిపెట్టెలో 2 మొదలు 8 డిగ్రీల నడుమ భద్రపఱచుటయు వారికి వెన్నతో పెట్టిన విద్య. అయినను పదునైదేండ్లు పనిచేసినవాడును పనివాడుగనే యున్నాడు. గోడమీది అద్దపుపటములోని పత్రముపై నున్న పేరు వేఱొకరిది. ఆ పేరుగల మనుష్యుని కొన్ని యంగళ్లలో మందు కొనువారెన్నడును చూచియుండరు.

ఈ స్థితి యెట్లు వచ్చినదో తెలియవలెనన్న కొంత పూర్వచరిత్ర చెప్పవలెను. 1930లో కర్నల్ రామనాథ్ చోప్రాగారి అధ్యక్షతను ఔషధవిచారణసంఘమొకటి నియమింపబడి, మరుసటి సంవత్సరము నివేదిక నొసగెను. 1932లో మహాదేవలాల్ ష్రాఫ్ గారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఔషధవిద్యాబోధన నారంభించిరి. పిమ్మట 1940లో ఔషధముల చట్టమును, 1948లో ఫార్మసీ చట్టమును వెలువడినవి. ఈ రెండవ చట్టపు 42వ విభాగమును బట్టి, వైద్యుని చీటిపై మందు కలుపుటకును, ఇచ్చుటకును రిజిస్టరయిన ఫార్మసిస్టునకే యధికారము గలదు. అన్యుడు చేసినచో శిక్షార్హుడగును. 1945 నాటి ఔషధ నియమములును చిల్లర యంగడిలో చీటిమందును ఫార్మసిస్టు స్వయముగా నిచ్చుటయో, ఆతని సొంత పర్యవేక్షణమున నిప్పించుటయో జరుగవలెనని విధించుచున్నవి.

ఇచ్చట గమనింపవలసిన విశేషమొకటి గలదు. 1948 నాటి చట్టము మొదటి పట్టికను తయారుచేయునప్పుడు, అప్పటికే ఐదేండ్లకు తక్కువగాక వైద్యశాలలు మొదలగు తావులలో మందులు కలిపిన యనుభవము గలవారిని, పట్టము లేకున్నను, చేర్చుకొనుట కవకాశ మిచ్చెను. ఆనాటి కాంపౌండరులకు అనుభవమే యర్హతయైనది. ఆ ద్వారము తరువాత మూయబడినది. నేడు పదునైదేండ్లు గాదు, ముప్పదియేండ్లు అంగడిలో నిలిచినను, చదువు లేనిదే పట్టికలో పేరెక్కదు. మన పిల్లలీ సంగతి నెఱుగక, ఎప్పటికైన నెవరో పత్రమిత్తురని కాలము గడపుచున్నారు.

పెద్దలు కొందఱు, పదునైదేండ్ల అనుభవము కంటె రెండేండ్ల చదువు గొప్పదా యని యడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి మగ్గము దగ్గఱనుండియే సమాధానము చెప్పెదను. నూలు 80 నెంబరుదో 100 నెంబరుదో మన ముసలివారు వ్రేళ్లతో తడవి చెప్పుదురు. ఒకవేళ పొరబడినచో చెడునది యొక చీర. మందు విషయమున అంకె పొరబడినచో ఆ నష్టము చీరతో పోదు. పసిబిడ్డల జ్వరమునకు వాడు పారాసిటమాల్ చుక్కలమందు సాధారణముగా మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాముల బలము గలది. అదే మందు సిరపుగా నున్నప్పుడు కొన్ని సీసాలలో 5 మిల్లీలీటరులకు 125 మిల్లీగ్రాములు, అనగా మిల్లీలీటరునకు 25 మాత్రమే యుండును. సిరపునకు చెప్పిన కొలతను చుక్కల సీసానుండి పోసినచో బిడ్డ కడుపులోనికి నాలుగింతల మందు పోవును. మఱియొకటి చూడుడు. మెథోట్రెక్సేట్ అను మాత్రను కీళ్లవాతమునకు వారమున కొక్క దినము మాత్రమే వాడుదురు. అది తెలియక దినదినమును మ్రింగుమని చెప్పినచో ఎముకలలోని మూలుగ చెడి, రక్తము క్షీణించి, ప్రాణాపాయము గలుగును. ఆ మాత్ర యే యరలో నున్నదో అనుభవము నేర్పును. అది వారమున కొక్కమారే యేల యీయవలెనో, మూత్రపిండములు చెడినవానికి దానివలన ముప్పేల హెచ్చునో చదువు నేర్పును. పడుగు లేనిదే పేకయు, పేక లేనిదే పడుగును వస్త్రము కానట్లు, ఈ రెండును కూడినప్పుడే ఫార్మసిస్టు పుట్టును. మన పిల్లలయొద్ద నొకటి యిదివఱకే గలదు. రెండవదానిని సమకూర్చుటయే మన కార్యము.

ఇక మార్గమును చెప్పెదను. ఔషధవిద్యలో మూడు మెట్లు ముఖ్యమైనవి. మొదటిది డి.ఫార్మ్, రెండేండ్ల చదువు, దానిపై మూడు నెలలకు తక్కువగాక 500 గంటల ఆచరణశిక్షణ. రెండవది బి.ఫార్మ్, నాలుగేండ్లు. మూడవది 2008లో మన దేశమున ప్రవేశపెట్టబడిన ఫార్మ్.డి, ఆఱేండ్లు. సంసారభారము గలవారికి డి.ఫార్మ్ తగినదని నా యభిప్రాయము. అంతటితో దారి ముగిసిపోదు. డి.ఫార్మ్ ముగించినవారు ఈసెట్ అను పరీక్ష వ్రాసి బి.ఫార్మ్ రెండవ సంవత్సరమున చేరుట కవకాశము గలదు.

ఈ చదువులకెల్ల పునాది ఇంటర్మీడియట్. భౌతిక, రసాయన శాస్త్రములతో పాటు జీవశాస్త్రమో, గణితమో చదివి యుండవలెను. కళాశాస్త్రములతోగాని, వాణిజ్యముతోగాని ఇంటర్మీడియట్ ముగించినవారు, పిమ్మట బి.ఏ., బి.కాం. పట్టములు పొందినను, మరల విజ్ఞానశాస్త్రములతో ఆ పరీక్షను పూర్తిచేయక తప్పదు. సార్వత్రిక పాఠశాల ద్వారా చదువదలచినవారు, ఆ పరీక్ష ఔషధవిద్యాప్రవేశమునకు చెల్లునో లేదో ముందుగనే వ్రాతమూలముగా తెలిసికొనవలెను. బి.ఎస్సీ. పట్టము గలవారు ఎం.ఫార్మ్ లో నేరుగా చేరవచ్చునని భ్రమపడుదురు, బి.ఫార్మ్ లేనిదే దానికి ప్రవేశము లేదు.

మన రెండు రాష్ట్రములందును డి.ఫార్మ్ సీట్లు సాధారణముగా ఇంటర్మీడియట్ మార్కుల వరుసను బట్టి యీయబడును. బి.ఫార్మ్, ఫార్మ్.డి చదువులకు ఈఏపీసెట్ అను ప్రవేశపరీక్ష గలదు. జీవశాస్త్రము వారికి అందు మూడు గంటలలో 160 ప్రశ్నలు: వృక్షశాస్త్రము 40, జంతుశాస్త్రము 40, భౌతికము 40, రసాయనము 40. తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు గనుక ఏ ప్రశ్నను వదలిపెట్టరాదు.

చదువు మానివేసి పదేండ్లయినవారు పుస్తకము పట్టగానే బెదరుదురు. వారికి మూడు సూచనలు. మొదటిది, రసాయనశాస్త్రముతో నారంభింపుడు. అంగడిలో దినమును చేతబట్టిన పేళ్లే అచ్చట నెదురుపడును గనుక ఆసక్తి పుట్టును. రెండవది, నిష్పత్తులు, శాతములు, కొలతల మార్పిడి లెక్కలను దినమున కైదు చొప్పున చేయుడు. నూటికి 5 పాళ్ల గ్లూకోజు ద్రవము 500 మిల్లీలీటరులలో గ్లూకోజు 25 గ్రాములని తడుముకొనక చెప్పగలిగిననాడు సగము భయము తీరును. మూడవది, ఇంగ్లీషు. తెలుగుమాధ్యమమున చదివినవారు ఈ పదములకు వెఱచి కళాశాల వదలుట గలదు. మందుపెట్టెలలోని సూచనపత్రమును దినమున కొకటి తీసికొని, తెలియని పది మాటలకు అర్థము వ్రాసికొనుడు. అంగడిలోనుండువానికి ఇంతకంటె చవుకైన పాఠశాల లేదు.

ఒక హెచ్చరికయు చేయవలసియున్నది. హాజరు లేకయే డి.ఫార్మ్ పత్రమిప్పింతుమని తిరుగు దళారులు గలరు. దూరవిద్య ద్వారా పొందిన ఔషధపత్రము రిజిస్టరునకు చెల్లదు. కళాశాలలో చేరుటకు మునుపు భారత ఫార్మసీ మండలి యామోదించిన పట్టికలో దాని పేరున్నదో లేదో చూడవలెను. 2022లో డి.ఫార్మ్ వారికి నిష్క్రమణ పరీక్షా నియమములును వెలువడినవి. చేరునాటికి ఆ విషయమున నమలులోనున్న విధి యేదో విచారించుకొనవలెను.

సోదరులారా! వయస్సు మీఱినదని కొందఱు వెనుదీయుదురు. తెలుగువారందఱికిని గర్వకారణమైన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. వారు మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణులైనది మూడవ ప్రయత్నమున. మద్రాసులో వైద్యము చదివి, ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1923లో బోస్టను నగరమునకు పోయి, ఆసుపత్రిలో చిన్న కొలువు చేయుచు చదివిరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మాఱిరి. బోదకాలు వ్యాధికి నేడును వాడుచున్న డైఇథైల్ కార్బమజీన్ వారి నాయకత్వమున వెలువడినదే. ఇంతకుముందు నేను చెప్పిన మెథోట్రెక్సేటును ఆ ప్రయోగశాలనుండి వచ్చినదే. అంతటి మందును కనిపెట్టుట మనలో నందఱివలనను కాకపోవచ్చును. దానిని వారమున కొక్కమారు మాత్రమే వాడుమని రోగికి నచ్చజెప్పి, ప్రాణము కాపాడుట మన పిల్లలవలన నగును.

ఇక పోషకులగు పెద్దలతో నొక్క మాట. విద్యార్థికి రుసుము చెల్లించుట మన సంఘములకు అలవాటైన ధర్మము. అంగడి పనివాని విషయమున రుసుము కంటె పెద్ద యడ్డంకి కూలి. డి.ఫార్మ్ పగటి చదువు, హాజరు తప్పనిసరి. ముప్పదియేండ్లవాడు రెండేండ్లు పని మానినచో ఇంటిలో పొయ్యి వెలుగుటెట్లు? తల్లి మందు, బిడ్డ బడి యెట్లు నడచును? వాని కాళ్లను కట్టివేయునది తెలివితక్కువ కాదు, ఈ ప్రశ్నయే. కావున సంఘమువారు విద్యానిధిలో నొక భాగమును ప్రత్యేకించి, ఇట్టివాని కుటుంబమునకు రెండేండ్లు నెలనెలకు కొంత యిచ్చు నేర్పాటు చేయవలెనని ప్రార్థించుచున్నాను. మందుల అంగళ్లు గల పోషకులు సాయంకాలము నాలుగు గంటల పనియిచ్చి, పరీక్ష దినములలో సెలవిచ్చి, పత్రము వచ్చిన పిమ్మట తగిన జీతముతో నిలుపుకొందుమని మాట యిచ్చినచో, ధర్మమును వ్యాపారమును రెండును నెగ్గును. మన యాడుబిడ్డలను సైతము ఈ నిధికి అర్హులుగా నెంచవలెను. ఇంటర్మీడియట్ విజ్ఞానశాస్త్రములతో ముగించి, పెండ్లియై, చదువు నిలిచిపోయిన యాడువారు మన యిండ్లలో నెందఱో గలరు. వారికిని ఈ తలుపు తెఱచియే యున్నది.

దీనికి ప్రతిగా సహాయము పొందినవా రొక్క ప్రతిజ్ఞ చేయవలెను. తమ పత్రమును అద్దెకీయరాదు. నెలకింతయని పుచ్చుకొని పేరు గోడపై వ్రేలాడదీసి, మనుష్యుడు వేఱొకచోట నుండుట, లోకులకు చేయు మోసము. అంతేకాదు, ఆ యద్దెపత్రము క్రింద నిలిచి పనిచేయుచున్న మఱియొక పేదవాడు శిక్షకు గురియగును. ఆ పేదవాడు రేపు మన తమ్ముడే కావచ్చును. అద్దెపత్రములతో అంగడి నడపు యజమానులు మనలో నున్నయెడల, వారును ఈ యలవాటును మానుకొని, తమ యంగడిలోని పనివానినే చదివింపవలెనని చేతులెత్తి మ్రొక్కుచున్నాను. నేనిట్లు చెప్పుట కొందఱికి కష్టముగా దోచవచ్చును. కులసభలో చెప్పుకొనక యీ మాట మఱెచ్చట చెప్పుకొందుము?

ఊరికొక్కడు చొప్పున మన పిల్లలు ఈ విద్యలో నిలద్రొక్కుకొన్నచో, అర్ధరాత్రి మందుచీటి పట్టుకొని వచ్చిన తల్లికి సరియైన సీసాయు, సరియైన మాటయు లభించును. ఆ తల్లి కులమేదని యడుగకుండ మందిచ్చువాడే మన కులమునకు నిజమైన కీర్తి దెచ్చువాడు. ఈ మహాసభ ముగియకముందే కూలినిధిని గూర్చి యొక తీర్మానము గావింపవలెనని కోరుచున్నాను.