మోత తగ్గితేనే మాట
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన నన్ను స్పీకరు పెట్టె గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. మన ఆదోని హాల్లో గుంగుమని మోగే ఆ పెట్టెను చేసింది నేనే. పోయిన ఏడాది లైఫ్ సర్టిఫికెట్టు గడువు చెప్పినప్పుడు, వెనక వరుసలో కూర్చున్న ఒక అక్కయ్యకు మోత తప్ప మాట అందలేదు. ఆమె పెన్షను ఒక నెల ఆగిపోయింది. ఆ బాధతోనే మళ్ళీ పుస్తకాలు తిరగేశాను.

స్పీకరు అట్ట ముందుకు కదిలితే ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలుచనవుతుంది. బేస్, అంటే మంద్రస్వరం, అలలు చాలా పొడవు. 50 హెర్ట్జ్ అల సుమారు 7 మీటర్లుంటుంది. వెనక అల అంచు చుట్టి ముందుకు వచ్చి ముందు అలను చంపేస్తుంది. అందుకే విడి స్పీకరులో బేస్ పలకదు. చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మట్టికుండ మూతికి స్పీకరు బిగించి పాటలు వినేవాళ్ళం. ఆ కుండ చేసిన పని వెనక శబ్దాన్ని లోపలే బంధించడం.

మూసిన పెట్టెలోని గాలి స్ప్రింగు వంటిది. పెట్టె మరీ చిన్నదైతే స్ప్రింగు బిగుసుకుని లోతైన బేస్ తగ్గుతుంది. రెండో పద్ధతి పెట్టెకు రంధ్రం, గొట్టం పెట్టడం. దీనిపై అమెరికాలో బెల్ ప్రయోగశాలల థురాస్‌కు 1932లో పేటెంటు వచ్చింది. ఖాళీ సీసా మూతిపై ఊదితే మోగినట్లే, గొట్టంలోని గాలి ఒక స్వరం దగ్గర ఊగి బేస్‌ను పెంచుతుంది. పెట్టె ఎంత, గొట్టం ఎంత అన్న లెక్కను ఆస్ట్రేలియాలో థీల్ 1961లో, తరువాత 1970లలో స్మాల్ వివరించారు. నేనా లెక్క చూడకుండా కంటికి నచ్చినంత రంధ్రం కోశాను. పైగా పెట్టెను గోడ మూలన పెట్టాను. మూల బేస్‌ను ఇంకా పెంచుతుంది.

వయసు మీదపడితే ముందు తగ్గేది సన్నని స్వరాల వినికిడి. స, శ, త వంటి హల్లులు తేటపడేది అక్కడే. బేస్ మోత వాటిని మరింత కప్పేస్తుంది. పాత టెలిఫోనులో పోయింది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే; అయినా మాట అర్థమయ్యేది కదా!

నిన్న ఆ రంధ్రం మూసి, లోపలి ప్రతిధ్వనిని మింగడానికి మన ఆదోని దూది నింపాను. పెట్టెను మూల నుంచి జరిపి, బేస్ తగ్గించాను. ఇకమీద గడువు తేదీలను బోర్డుపై కూడా రాయాలని కార్యవర్గానికి మనవి.

వెనక వరుసలోని అక్కయ్యా, నా మాట తెలుస్తోందా? తెలిస్తే చేయెత్తండి.

(ఆమె చేయెత్తారు.)

అంతే చాలు.