ఇది నిజంగా జరిగిందా?
(చారిత్రక నవల గురించి పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నవల రాసినవాళ్ళని వేదిక ఎక్కించి పొగడటం మనకి అలవాటు. మీరు అలా కాకుండా ముందే ప్రశ్నలు రాసి పంపించారు. నాకిదే బాగుంది. నేను సమాజశాస్త్రంలో పరిశోధన చేసినదాన్ని. నా వృత్తిలో ప్రశ్నలడిగేది ఎప్పుడూ నేనే. ఊళ్ళలో ఆడవాళ్ళ ఎదురుగా నోటుపుస్తకం పెట్టుకు కూర్చుని ఈ పని ఎవరు చేస్తారు, కూలి ఎవరి చేతికొస్తుంది, పొలం ఎవరి పేర ఉంది అని అడుగుతూ పదిహేనేళ్ళు గడిపాను. ఇవాళ జవాబు చెప్పే వంతు నాది.

నవల చదవనివారి కోసం రెండు మాటలు. కథ రుద్రమదేవి పాలించిన కాలంలో, అంటే సుమారు 1262 నుంచి 1289 మధ్య జరుగుతుంది. అయితే ఓరుగల్లు కోటలో జరగదు. కృష్ణ ఒడ్డున, ఇప్పటి అమరావతి ప్రాంతంలో ఉన్న మందడంలో, ఒక ప్రసూతిశాలలో జరుగుతుంది. ముఖ్యపాత్ర అక్కడ పురుళ్ళు పోసే మంత్రసాని. రుద్రమ మొత్తం నవలలో రెండే రెండుసార్లు కనిపిస్తుంది.

మీ ఉత్తరాలన్నిటిలో ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న, "ఇది నిజంగా జరిగిందా?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న ఏ పేజీల దగ్గర వచ్చిందో చూడండి. ఆడది సింహాసనం ఎక్కవచ్చునా అని మంత్రులు, సామంతులు వాదించుకునే అధ్యాయం ఒకటుంది. అందులో ప్రతి మాటా నేను కల్పించిందే. దానికి ఆధారం చూపించమని ఒక్కరూ అడగలేదు. దీపానికి నూనె చాలక, రావలసిన ధాన్యం రాక, మంత్రసాని లెక్కలు రాసే కాయస్థుడితో పోట్లాడే అధ్యాయానికి మాత్రం పదకొండు మంది ఆధారం అడిగారు. రాజసభలో మాటలు నమ్మడానికి మనకి ఏ రుజువూ అక్కర్లేదు. పనిచేసే ఆడది తన కూలి అడిగితే మాత్రం అది ఈ కాలపు రచయిత్రి నోట్లో పెట్టిన మాటలా వినిపిస్తోంది.

ఆధారం చెబుతాను. 1261 నాటి మల్కాపురం శాసనం. శైవగురువు విశ్వేశ్వర శివాచార్యుడికి గణపతిదేవుడు, రుద్రమదేవి ఇచ్చిన గ్రామదానాలు అందులో ఉన్నాయి. ఆ ఆదాయంలోంచి గుడికి, మఠానికి, అన్నసత్రానికి, ఆరోగ్యశాలకి, ప్రసూతిశాలకి కేటాయింపులు చేశారు. ప్రసూతిశాల! ఏడున్నర శతాబ్దాల కిందటి రాతిమీద ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నేను మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాను. వైద్యుడు, కాయస్థుడు, వంటవాళ్ళు, నాట్యకత్తెలు, వాద్యకారులు, ఊరి కాపలాదారులు, ఇలా ఆ వ్యవస్థలో బతికే మనుషులు ఎందరో ఆ శాసనంలో ఉన్నారు. అక్కడ పురుడు పోసుకున్న ఒక్క స్త్రీ పేరు మాత్రం లేదు. పురుడు పోసిన మనిషి పేరూ లేదు.

ఇందులో ఎవరి కుట్రా లేదు. శాసనం సాధారణంగా దానపత్రం. ఇవ్వడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్ళే అందులోకి ఎక్కుతారు. అందుకే కాకతీయుల కాలపు శాసనాలలో స్త్రీలు లేరనడం కూడా తప్పే. ఉన్నారు. రాణులున్నారు, సామంతుల భార్యలున్నారు. రుద్రమ తోబుట్టువు గణపాంబ, భర్త కోట బేతరాజు చనిపోయాక ధరణికోట ప్రాంతాన్ని తానే ఏలుతూ గుడులు కట్టించి శాసనం వేయించింది. గుడిని ఆశ్రయించి బతికిన సానులు కూడా తమ సొంత సొత్తు దానం చేసి పేరు రాయించుకున్నారు. ఆస్తి చేతిలో ఉన్న స్త్రీకి రాయి మీద పేరుంది. శ్రమ మాత్రమే ఉన్న స్త్రీకి లేదు. మందడంలో మొదలుపెట్టి నేను చెప్పదలచుకున్నది ఇంతే.

కనుక నేను పెట్టుకున్న కట్టుబాటు ఇది. శాసనం చెప్పినదాన్ని నా కథ కోసం మార్చను. శాసనం ఊరుకున్నచోట నా బాధ్యత మీద రాస్తాను. ఏది రాతి మీద ఉందో ఏది నా ఊహో పుస్తకం చివర చెప్పేస్తాను. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు బతికే ఉన్నారు. వెళ్ళి అడగగలిగారు, వాళ్ళు చెప్పగలిగారు. పదమూడో శతాబ్దపు మంత్రసాని దగ్గరికి నేను టేప్‌రికార్డరు పట్టుకుని వెళ్ళలేను. వెళ్ళగలిగితే నవల రాయకపోదును.

ఇక వంటింటి ప్రశ్న. గుంటూరు ప్రాంతంలో జరిగే కథలో మిరపకాయ ఒక్కసారి కూడా కనిపించదేమిటని ఒక పాఠకుడు నిష్ఠూరమాడారు. అయ్యా, మిరపకాయ అమెరికా ఖండం పంట. పోర్చుగీసువాళ్ళు వచ్చాక, పదహారో శతాబ్దంలో మన దేశానికొచ్చింది. రుద్రమ కాలంలో కారం అంటే మిరియాలే. పులుపుకి చింతపండు ఉంది, అది చాలు. బంగాళాదుంప, టమాటా, వేరుశెనగ, మొక్కజొన్న ఏవీ లేవు. ఇంకొకరు, ముసలి మంత్రసాని అంటే నోట్లో చుట్ట ఉండాలి కదా అన్నారు. నాకూ పెట్టాలనే ఉండింది, మా ఊళ్ళో నేను చూసిన ముసలమ్మలందరూ అడ్డచుట్ట కాల్చినవాళ్ళే. కానీ పొగాకు కూడా అదే దారిన వచ్చింది. ఆమె చేతికి తమలపాకు ఇచ్చి సరిపెట్టాను.

"సాని అనే మాట అన్నిసార్లు వాడారు, పిల్లలు చదివితే బాగుంటుందా?" అని ఒక ఉపాధ్యాయిని అడిగారు. ఆ మాట స్వామిని నుంచి వచ్చింది. ఒకప్పుడు పెద్దింటి స్త్రీల పేర్ల చివర గౌరవంగా చేరేది. గుడిలో సేవ చేసే స్త్రీకీ అదే మాట, పురుడు పోసే స్త్రీకీ అదే మాట. కాలక్రమేణా అది తిట్టుగా ఎలా మారిందో పిల్లలకి చెబితే, అదే ఒక మంచి చరిత్ర పాఠం అవుతుంది. చెప్పండి.

రుద్రమ మగవేషం గురించి చాలామంది అడిగారు. బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి' చదువుకున్నవాళ్ళకీ, 2015లో వచ్చిన సినిమా చూసినవాళ్ళకీ ఆ వేషం కళ్ళ ముందే ఉంటుంది. నేను దాని జోలికి పోలేదు. ఆమె ఏ బట్టలు కట్టుకుందో నాకు అంత ముఖ్యం కాదు. శాసనాలు ఆమెని రుద్రదేవ మహారాజు అనడం ముఖ్యం. రాజ్యం కూతురికి దక్కింది, కానీ కొడుకు పేరు మీద దక్కింది. సింథియా టాల్‌బట్ అనే చరిత్రకారిణి 1995లో రాసిన వ్యాసంలో ఆమెని రాణి అనలేదు, స్త్రీ అయిన రాజు అంది. సరిగ్గా సరిపోయే మాట. రాజు అనే కుర్చీ మగవాడి కొలతలకే ఉంది. ఆమె ఆ కొలతలకి సర్దుకుంది.

ఇదేదో పాతకాలపు వింత అనుకోకండి. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం ఆంధ్రప్రదేశ్ సవరణ, ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఎలా ఇచ్చింది? కొడుకుకి ఏ రీతిన ఉందో ఆ రీతిన. 2005 కేంద్ర సవరణలోనూ అదే పద్ధతి. హక్కు దక్కింది, సంతోషమే, దానికోసం కొట్లాడినవాళ్ళలో మనమూ ఉన్నాం. కానీ కొలబద్ద ఇప్పటికీ కొడుకే. 1985 సవరణలో ఇంకొక మెలిక కూడా ఉండేది. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి ఆ హక్కు లేదు. రుద్రమకి చాళుక్య వీరభద్రుడితో పెళ్ళి ఆమె రాజ్యానికి రాకముందే జరిగిందంటారు చరిత్రకారులు. మన సవరణ లెక్కన ఆమెకి ఓరుగల్లు దక్కేది కాదు! ఆ మెలికని 2005 సవరణ తీసేసింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండాలా అనే పేచీని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో, అక్కర్లేదని తేల్చింది. ఈ విషయం మీ ఊళ్ళో పెళ్ళయిన ఆడపడుచులకి చెప్పండి. అన్నదమ్ములు చెప్పరు.

మార్కో పోలో రాసిన దాని గురించి అడిగిన విద్యార్థికి కూడా ఇక్కడే జవాబు. అతను మోటుపల్లి రాజ్యాన్ని ఏలే స్త్రీ గురించి, ఆమె న్యాయబుద్ధి గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడులాంటి సన్నబట్టల గురించి మెచ్చుకుంటూ రాశాడు. ఆమెని చనిపోయిన రాజు భార్య అనేశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు. రాజ్యమేలే స్త్రీ కనిపిస్తే ఆమె ఎవరో ఒకరి విధవ అయి ఉంటుందని ఆ బాటసారి అనుకున్నాడు. అందులో అతన్ని ఒక్కణ్ణే తప్పు పట్టలేం.

రుద్రమ మరణాన్ని ఎందుకు వర్ణించలేదని కొందరికి అసంతృప్తి. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమకీ సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలిగిందని చెప్పి, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి భూమి దానం చేశాడు. కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో ఆమె పోయి ఉంటుందన్నది చరిత్రకారుల ఊహ. శాసనం ఎలా పోయిందో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నవలలో ఆ కబురు మందడం చేరేసరికి మంత్రసాని చేతులు ఖాళీగా లేవు. బిడ్డ తల బయటికొస్తోంది. ఆమె కబురు విని, వేడినీళ్ళు తెమ్మంటుంది.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన ప్రశ్నలు రెండు. ఒకటి ఒక దళిత విద్యార్థినిది. "మంత్రసాని కులం ఏమిటి? మీరు తప్పించుకున్నారా?" అని సూటిగా అడిగింది. లేదమ్మా. కులం పేరు రాయలేదు గానీ ఆమె నడిచే దారి రాశాను. అగ్రహారంలోకి ఆమె పెరటిదారినే వస్తుంది, పెరటిదారినే పోతుంది. బిడ్డని మొదట తాకేది ఆమె చెయ్యే. బొడ్డు కోసేది ఆమే, మాయ పూడ్చేది ఆమే. పురిటిస్నానం అయిన క్షణం నుంచి ఆ బిడ్డని ఆమె మళ్ళీ ముట్టుకోకూడదు. ఈ పని మన పల్లెల్లో ఏ కులాల స్త్రీల మీద పడిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆనాడు సరిగ్గా ఏ కులమో రాతిలో లేదు కాబట్టి పేరు పెట్టలేదు. అంటరానితనం ఎలా పనిచేస్తుందో నా క్షేత్రపరిశోధనలో కళ్ళారా చూశాను కాబట్టి అది వదల్లేదు.

రెండోది ఒక పెద్దావిడ రాసింది. ఆవిడ తల్లి నలభై ఏళ్ళు పురుళ్ళు పోసిందట. ఆ తల్లి పేరు పట్టాలో లేదు, ఆమె చేతుల్లో పుట్టిన పిల్లల్లో ఎవరికీ తెలియదు. "రాతిమీద పేరు లేదంటే సరే. మూడువందల పేజీలు రాసి మీరు కూడా ఎందుకు పెట్టలేదు? మీ చేతిలో పనే కదా?" అని అడిగింది.

నేను జవాబు రాశాను. నేనొక పేరు పెడితే చదివేవాళ్ళకి ఊరట కలుగుతుంది, ఆ స్త్రీ దొరికేసినట్టు అనిపిస్తుంది, ఆమె దొరకలేదన్న సంగతి మరిచిపోతారు, ఆ ఊరట ఇవ్వడం నాకిష్టం లేదు అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఆవిడ ఒప్పుకోలేదు. పది రోజుల్లో కార్డు వచ్చింది. తన దగ్గరున్న పుస్తకంలో మంత్రసాని అని ఉన్నచోటల్లా పెన్సిలుతో కొట్టేసి, పైన వాళ్ళమ్మ పేరు రాసుకుంటోందట. ఇంకా సగం పుస్తకం మిగిలి ఉందట.