వీపు నేలకు ఆనిన తర్వాత
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

హైదరాబాద్‌లో నేను నేర్చుకుని, ఇప్పుడు సాయంత్రాలు ఆడపిల్లలకు నేర్పుతున్న బ్రెజిలియన్ జియుజిట్సు గురించి చెప్పమన్నారు. పేరు విని జంకకండి. బీర్కూర్ వాళ్లకు ఇది సగం తెలిసిన విద్యే.

మన వైపు జాతరంటే కుస్తీ ఉండాల్సిందే. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం దాకా పోతుంది. మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి పహిల్వాన్లు వస్తారు. మేం ఆడపిల్లలం దూరంగా అరుగుల మీద నిలబడి చూసేవాళ్లం. వీపు మట్టికి ఆనిందంటే చిత్, ఆట అయిపోయినట్టే. మామూలు మాటల్లో కూడా చిత్తుగా ఓడాడనే అంటాం కదా.

జియుజిట్సులో వీపు ఆనినా ఆట ఆగదు. అసలు పని అక్కడే మొదలవుతుంది. జపాన్ జూడో యోధుడు మిత్సుయో మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన విద్య గ్రేసీ అన్నదమ్ములకు అబ్బింది. వాళ్లలో హెలియో బక్కపలచటి మనిషి. మీదపడ్డవాణ్ని బలంతో నెట్టలేనివాళ్లకు పనికొచ్చే దారులు ఆ ఇంట్లో బాగా పదునెక్కాయి.

వెల్లకిలా పడ్డప్పుడు మనకూ మీదికొచ్చేవాడికీ మధ్య మన కాళ్లను అడ్డం ఉంచుకోవడమే గార్డ్. రెండు కాళ్లతో వాడి నడుము చుట్టి, వెనక మడమలు మెలేస్తే క్లోజ్డ్ గార్డ్. వాడి ఒక్క కాలినే మన రెండు కాళ్ల మధ్య బిగిస్తే హాఫ్ గార్డ్. కూర్చుని, పాదాలను వాడి తొడల లోపల కొక్కేల్లా పెడితే బటర్‌ఫ్లై గార్డ్. ఇంకా చాలా ఉన్నాయి గానీ కొత్తవాళ్లకు మొదటి రెండూ చాలు.

అక్కడి నుంచి వాణ్ని దొర్లించి మనం మీదికి రావడం స్వీప్. పోటీల్లో దానికి 2 పాయింట్లు. మన గార్డ్ దాటి వచ్చి పట్టు నిలుపుకుంటే వాడికి 3. స్వీప్‌కు బలం కన్నా లెక్క ముఖ్యం. మోకాళ్ల మీదున్న మనిషిని నాలుగు కాళ్ల బల్ల అనుకోండి. ఒకే పక్కనున్న రెండు కాళ్లు తీసేస్తే బల్ల అటే పడుతుంది. సిజర్ స్వీప్‌లో జరిగేది ఇదే. వాడి చొక్కా చేతిని ఒక చేత్తో, కాలర్‌ను ఇంకో చేత్తో పట్టుకోవాలి. చొక్కా పట్టుకున్న వైపు తుంటి మీదికి తిరగాలి. పైకాలి పిక్క ఎముకను వాడి పొట్టకు అడ్డంగా, కింది కాలిని వాడి మోకాలి పక్కన నేల మీద పెట్టాలి. ముందు వాణ్ని మీదికి లాగి బరువు మోకాళ్ల మీంచి తప్పించాలి. అప్పుడు కత్తెరలా కాళ్లు ఆడిస్తే, చెయ్యి ఆనించుకునే వీలు లేక వాడు ఒరుగుతాడు. చాలామంది లాగకుండానే కాళ్లు ఆడిస్తారు. గోడను తన్నినట్టే ఉంటుంది!

వీటన్నిటికంటే ముందు నేర్పేది రొయ్యలా ముడుచుకుని నడుమును పక్కకు జరపడం. చూడ్డానికి నవ్వొస్తుంది. అది రాకపోతే మిగతావేవీ రావు.

మరి వాడు పెద్ద మనిషైతే? 1994 డిసెంబరులో అమెరికాలో హెలియో కొడుకు రాయిస్, దాదాపు 80 కిలోల మనిషి, 110 కిలోలు దాటిన డాన్ సెవర్న్ అనే పహిల్వాన్ కింద పావుగంటకు పైగా ఉన్నాడు. మన జాతరలో అయితే ఎప్పుడో ఓడిపోయినట్టు లెక్క. చివరికి కాళ్లతోనే మెడ బిగిస్తే సెవర్న్ ఓటమి ఒప్పుకున్నాడు.

బయట అలా పావుగంట కింద ఉండమని మాత్రం నేను నేర్పను. దాడి చేసేవాడి చేతిలో కత్తి ఉండొచ్చు, పక్కన ఇంకొకడు ఉండొచ్చు. దూరం చేసుకోవాలి, దొర్లించాలి, లేవాలి, పరుగెత్తాలి. బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ పేరుతో ఎక్కువగా కరాటే నేర్పుతున్నారు. మంచిదే. కానీ ఆడపిల్ల మీద చెయ్యి వేసేవాడు ఎదురుగా నిలబడి వంగి నమస్కారం పెట్టడు. ముందు కింద పడేస్తాడు. ఆ క్షణం కోసం ఆ పిల్లకు మనం ఏం నేర్పామని నా ప్రశ్న.

ఆడపిల్ల కాళ్లతో ఇంకొకరి నడుము చుట్టడమేంటని ఒక తల్లి నన్ను అడిగింది. ఆడపిల్లలు ఆడపిల్లలతోనే సాధన చేస్తారమ్మా, గదిలోకి వచ్చి కూర్చుని చూడండి అన్నాను. వచ్చింది. మూడో వారం తనూ చున్నీ నడుముకు బిగించి మ్యాట్ ఎక్కింది.

స్వర్ణోత్సవ నిధితో గేటుకు ఆర్చి కట్టాలని అన్నలు అనుకుంటున్నారని విన్నాను. కట్టండి, వద్దనను. కొంచెం చిన్నది కట్టి, మిగిలినదాంతో ఒక ఖాళీ గదిలో మ్యాట్లు పరవండి. వాటి ఖర్చులో సగం నాది. నెలకు రెండు ఆదివారాలు బస్సెక్కి వస్తాను. మిగతా రోజుల్లో సాధన చేయించడానికి ఒక టీచరమ్మ ముందుకొస్తే చాలు, ఆమెకూ నేర్పుతాను.

పిల్లలూ, పేర్లు ఇవాళే ఇవ్వండి. ట్రాక్ ప్యాంటు, చేతులున్న గట్టి చొక్కా చాలు. గాజులు, చెవి కమ్మలు ఇంట్లో పెట్టి, గోళ్లు కత్తిరించుకుని రండి.