చెప్పు ధర ఎవరు కట్టాలి?

(గూడెంలో జరిగిన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక ఒక తమ్ముడు లేచి సూటిగా అడిగాడు: "సంతలో 150 రూపాయలకి చైనా చెప్పులు దొరుకుతుంటే, మన తాత కుట్టిన తోలు చెప్పులు 1200 పెట్టి ఎవడు కొంటాడు? కొనకపోతే కులద్రోహమా?" మంచి ప్రశ్న. దాటెయ్యకూడని ప్రశ్న. ఇవాళ దీని గురించే మాట్లాడతాను.

ముందుగా, చేతిపని గొప్పది, దాన్ని కాపాడండి అని మనకు నీతులు చెప్పేది ఎవరో చూడండి. కళ్లంలో నాలుగు కుంచాల గింజలు మేర పోసి, ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ చెప్పులు, మోటకు తొండం, ఎడ్లకు చెర్నాకోల చేయించుకున్నోళ్లే. కుట్టిన చెయ్యి మనది. తొడుక్కుని వాళ్ల వీధిలో నడిచే హక్కు మాత్రం మనకు లేదు. తీసి చేత్తో పట్టుకుని నడవాలి. తోలు పని చేసే వాడలోనే ఎందరో అమ్మలు ఒట్టికాళ్లతో బతికారు. అందుకని ముళ్లకంపలోంచి, మండే ఎండలోంచి నడిచొచ్చే కూలి మనిషి చవక చెప్పులు వేసుకుంటే తప్పని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. ఆ కాలికి ముందు చెప్పు కావాలి.

రెండో సంగతి. చేతితో చేసిందంతా పవిత్రం కాదు. 1927లో మహద్ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానండి, కులం నెత్తిన రుద్దిన నీచపు చాకిరీ వదలండి అన్నాడు. పనిని తక్కువ చెయ్యడానికి అనలేదు. పుట్టుకతో పనిని ముడేసిన ముడి తెగాలని అన్నాడు. 2016 జూలై 11న గుజరాత్‌లో ఊనా దగ్గర ఏం జరిగింది? చచ్చిన ఆవు తోలు తీస్తున్న మనోళ్లను, ఆవును చంపారని కట్టేసి కొట్టారు. అప్పుడు అక్కడి దళితులు ఇక మీ కళేబరాలు మీరే ఎత్తుకోండన్నారు. తెచ్చి ప్రభుత్వ ఆఫీసుల ముందు పడేశారు. మనోళ్లు చెయ్యి ఆపితే ఊరు కంపు కొట్టింది. ఆ పనిలో ఎంత అవసరముందో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

మరి తాత చేతిలో ఉన్నదేంటి? అది చదువు. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, లందలో తంగేడు చెక్క, కరక్కాయతో రోజుల తరబడి ఊనడం ఏ కాలేజీలో నేర్చుకున్నాడు? రంపెతో కోసి, ఆరెతో పొడిచి, పాదానికి సరిపోయేట్టు కుట్టడం విజ్ఞానం కాదా? ఇప్పుడు చాలా ఊళ్లలో లందలు పూడిపోయాయి. ఊనిన తోలు పట్నం నుంచి కొనాలి. కొనడానికి చేతిలో పెట్టుబడి లేదు.

ఇక లెక్క చూద్దాం. 150 చెప్పు నాలుగు నెలలు వస్తుందనుకోండి. మూడేళ్లకి తొమ్మిది జతలు, 1350 రూపాయలు. తోలు చెప్పు 1200. మధ్యలో కుట్టు వేయించుకోను 150. అదీ 1350. అంటే చవకది చవకేం కాదు. పేదోడు అదే డబ్బు వాయిదాల్లో కడుతున్నాడు. ఒక్కసారి 1200 తీసే శక్తి లేకపోవడమే అసలు జబ్బు. పైగా తెగిన ప్లాస్టిక్ చెప్పుకు కుట్టు పడదు. మన చెత్తకుప్పలోనే కాలుతుంది, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు.

2020 బడ్జెట్లో విదేశీ చెప్పుల మీద సుంకం 25 నుంచి 35 శాతానికి పెంచారు. అంతమాత్రాన పని మన గుడిసెకు నడిచిరాదు. ఇక్కడి ఫ్యాక్టరీ కూడా అదే ప్లాస్టిక్ పోస్తుంది. అక్కడ జిగురు వాసన పీల్చేదీ, సంతలో గోతం పరిచి అమ్మేదీ మనలాంటి పేదోళ్లే. వాళ్లు మనకు శత్రువులు కాదు.

అయితే ధర ఎవరు కట్టాలి? కట్టగలిగినోళ్లు కట్టాలి. ఉద్యోగాలొచ్చిన మన అన్నలకు ఒక మాట. షోరూములో రెండు వేలు బేరమాడకుండా ఇస్తారు. వాడకొచ్చి తాత దగ్గర యాభై తగ్గించమంటారు. ఇదెక్కడి న్యాయం? కులద్రోహమనే మాట వాడాలంటే ఇక్కడ వాడండి, కూలి మనిషి దగ్గర కాదు.

మూడు పనులు చేద్దాం. ఒకటి: అడ్వాన్సు ఇచ్చి తోలు కొనిపిద్దాం, ధర కుట్టినోడే చెప్పాలి. రెండు: పొదుపు సంఘం అక్కలు జతలన్నీ కలిపి తీసుకుని, నెలకు వంద చొప్పున వాయిదా పెట్టాలి. మూడు: ఈ పని నేర్చుకునే హక్కు ఏ కులం పిల్లకైనా, పిల్లాడికైనా ఉండాలి. వదిలేసి డాక్టరు చదువు చదివే హక్కు మన పిల్లలకుండాలి.

తమ్ముడూ, నీ కాళ్లకున్న చెప్పులు చూసి సిగ్గుపడకు. అవి తెగే లోపల తాత దగ్గరికెళ్లి పాదం కొలత ఇచ్చిరా. మొదటి వాయిదా సంఘం కడుతుంది.

జై భీమ్!