పిట్ట, తెర, గురి
(దజీజ్‌లో జరిగిన మన సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో ఏదైనా మాట్లాడమని కార్యవర్గ మిత్రులు అడిగినప్పుడు, "పాతకాలం టెలివిజన్ గురించి, తుపాకి గురి గురించి మాట్లాడతాను" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "టెలివిజన్ సరేనండీ, ఆ తుపాకి ఎందుకు? అందరం ఇకామాల మీద బతుకుతున్నవాళ్ళం" అన్నారొకరు. భయపడకండి. నేను చెప్పబోయేది బుగ్గలు పేల్చే తుపాకి, కాగితం మీద చుక్కను కొట్టే తుపాకి. ఆ రెండింటి మధ్య నేను విన్న మరో తుపాకి మోత ఉంది. దాన్నీ చెప్పక తప్పదు.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో, ముషీరాబాదు వైపు ఒక ఇరుకు వీధిలో. ప్రతి జనవరిలో మా నాన్న మమ్మల్ని నాంపల్లి నుమాయిష్‌కి తీసుకుపోయేవాడు. 1938లో మొదలైన ఆ ప్రదర్శన ఇప్పటికీ జరుగుతూనే ఉంది. అందరు పిల్లలూ జెయింట్ వీల్ వైపు లాగితే, నేను బుగ్గల దుకాణం వైపు లాగేవాణ్ణి. చెక్కకు వరసలు వరసలుగా బుగ్గలు కట్టి ఉండేవి. దుకాణదారు గాలి తుపాకిని మధ్యకు విరిచి, చిన్న సీసపు గుండు పెట్టి, మళ్ళీ మూసి చేతికిచ్చేవాడు. ఎర్రబుగ్గకు గురిపెడితే పక్కనున్న తెల్లబుగ్గ పేలేది. "ఈ తుపాకి వంకర" అని నేను ఏడుపు ముఖం పెడితే, మా నాన్న నవ్వి, "వంకరైతే ఎటు వంకరో కనుక్కోరా, దాన్ని బట్టి పక్కకు కొట్టు" అనేవాడు. నాకు గురి గురించి అందిన మొదటి పాఠం అదే.

ఇక టెలివిజన్. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాల పల్లెలకు టెలివిజన్ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరంతా ఒక్క పెట్టె ముందు చాపలు పరచుకుని కూర్చున్న రోజులవి. ఆ తర్వాత హైదరాబాదు దూరదర్శన్ వచ్చింది. శుక్రవారం సాయంత్రం చిత్రలహరి వస్తుందంటే మా వీధిలో కుళాయి దగ్గర కూడా మనిషి ఉండేవాడు కాదు. ఉన్నది ఒకటే చానెల్. బొమ్మ ఆగిపోతే "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న అట్టముక్కను కూడా ఓపికగా చూసేవాళ్ళం. ఇవాళ వందల చానెళ్ళు పెట్టుకుని ఏది చూడాలో తెలియక అన్నీ తిప్పి కట్టేస్తున్నాం. నాకు జ్ఞాపకం వచ్చేది ఆ కార్యక్రమాలు కాదు. వాటి కోసం నలుగురం కలిసి కూర్చుని ఎదురుచూడడం.

1984లో నేను కువైట్ వచ్చాను. మొదటి సెలవుకు పోయినప్పుడు మనందరిలాగే నేనూ ఒక రంగుల టీవీ మోసుకుపోయాను. విమానాశ్రయంలో దానికి కట్టిన సుంకం సంగతి ఇప్పుడెందుకు గాని, మా వీధిలో అదే మొదటి రంగుల టీవీ. 1987 జనవరి 25న రామాయణం సీరియల్ మొదలైంది. ఆదివారం ఉదయం మా ముందుగది నిండి, జనం గుమ్మం దాటి వీధిలోకి నిలబడేవారట. మా అమ్మ టీవీకి పసుపు బొట్టు పెట్టి హారతి ఇచ్చేదట. "అట" అని ఎందుకంటున్నానంటే నేను అక్కడ లేను. ఇక్కడ మనకు సెలవు శుక్రవారం. ఆదివారం పనిదినం. రామాయణం నేను ఉత్తరాల్లో చూశాను. రాముడు అడవికి బయలుదేరాడని అమ్మ ఉత్తరం నాకు చేరేసరికి అక్కడ సీతాపహరణం కూడా అయిపోయేది.

ఇక్కడ మా గదిలోనూ ఒక పాత టీవీ ఉండేది. కువైట్‌లో టెలివిజన్ 1961లోనే మొదలైంది. నాలుగు అరబ్బీ ముక్కలు నాకు వచ్చాయంటే అది మా యజమాని చలవ కాదు, "ఇఫ్తహ్ యా సిమ్‌సిమ్" చలవ. 1979లో కువైట్‌లో తయారై అరబ్బు పిల్లలందరికీ అక్షరాలు నేర్పిన బొమ్మల కార్యక్రమం అది. పిల్లల కోసం తీసినదాన్ని మీసాలు వచ్చిన మేం ఆరుగురం కూర్చుని చూసేవాళ్ళం. పాత కువైటీలను కదిపి చూడండి, 1977 నాటి "దర్బ్ అల్ జలగ్" గురించి కళ్ళు మెరిపిస్తూ చెబుతారు. చేతికి హఠాత్తుగా డబ్బు వచ్చిన అన్నదమ్ములు దాన్ని రకరకాల వ్యాపారాల్లో పోగొట్టుకునే హాస్య కథ. అందులో నటించిన అబ్దుల్ హుసేన్ అబ్దుల్ రెదా 2017లో పోయినప్పుడు నాకు తెలిసిన ఒక కువైటీ ముసలాయన తన సొంత అన్న పోయినట్టు బాధపడ్డాడు. మనకు చిత్రలహరి ఎంతో వారికి అది అంత. జ్ఞాపకాలకు వీసా అక్కరలేదు.

1988 అక్టోబరు 2న మహాభారతం మొదలైంది. ద్రోణుడు శిష్యుల గురిని పరీక్షించిన కథ మీ అందరికీ తెలిసిందే. చెట్టుమీద ఒక పిట్టను పెట్టించి, ఏం కనిపిస్తున్నదని ఒక్కొక్కణ్ణీ అడిగాడు. చెట్టు, కొమ్మ, అన్నదమ్ములు, గురువుగారు, అన్నీ కనిపిస్తున్నాయన్నాడు ధర్మరాజు. అర్జునుడికి పిట్ట ఒక్కటే కనిపించింది. లోకంలో "పిట్ట కన్ను" అని చెప్పుకుంటాం గాని, భారతంలో అర్జునుడు చూసింది శిరస్సును. ఇంకొక మాట. ద్రోణుడు పెట్టించింది ప్రాణమున్న పక్షి కాదు, పనివాళ్ళ చేత చేయించిన బొమ్మ పక్షి. ఆ గురువు చేసిన ఈ మంచిపని అందరూ మరచిపోతారు.

ఆ రోజుల్లో నేనూ అర్జునుణ్ణే అనుకునేవాణ్ణి. చెల్లెలి పెళ్ళి, ఇంటి అప్పు, ఇల్లు. ఇవి తప్ప మరొకటి కనిపించేది కాదు.

మహాభారతం చివరి భాగం 1990 జూన్ 24, ఆదివారం నాడు వచ్చింది. ఆ తర్వాత ఆరు వారాలు తిరగకుండానే, ఆగస్టు 2, గురువారం తెల్లవారుజామున ఇరాకు సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఫర్వానియాలో మా గది కిటికీ అద్దాలు అదిరిపోవడంతో నాకు మెలకువ వచ్చింది. ఆ మోతను నేను వర్ణించను. అప్పుడు ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు, లేనివారికి చెప్పినా తెలియదు. రొట్టెల కోసం క్యూలు, మూటలు, బస్రా, బాగ్దాదు, ఎడారిలో గుడారాలు, చివరికి అమ్మాన్. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా 1,70,000 మందికి పైగా భారతీయులను మన విమానాలు ఇంటికి చేర్చాయి. వారిలో నేనొకణ్ణి.

బొంబాయి నుంచి రైల్లో హైదరాబాదు చేరేసరికి సాయంత్రమైంది. ఫోను లేదు, ఉత్తరం చేరలేదు, నేను వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. గుమ్మంలో నిలబడ్డాను. లోపల టీవీలో తెలుగు వార్తలు వస్తున్నాయి. మా అమ్మ తెరకు మూరెడు దూరంలో కూర్చుని ఉంది. అమ్మాన్ గుడారాల బొమ్మలు చూపిస్తున్నారు. ఆ జనంలో ఒక్కొక్క ముఖాన్నీ వేలు పెట్టి వెతుకుతున్నది. "అమ్మా" అన్నాను. వెనక్కి తిరగకుండానే, "ఉండు నాయనా, మా వాడు కనబడతాడేమో" అన్నది.

నెలకు పైగా ఆమె ప్రతి సాయంత్రం చేసిన పని అదేనని తర్వాత తెలిసింది. వాళ్ళ కోసం నేను మోసుకుపోయిన పెట్టెలో ఆమె నన్ను వెతుక్కుంది.

1992లో మళ్ళీ వచ్చాను. 1996 నుంచి ఈ దజీజ్‌లోనే ఒక గోదాములో పనిచేశాను. తలమీదుగా దిగే విమానాల చప్పుడు అలవాటైంది గాని, దీపావళి టపాకాయల చప్పుడు మాత్రం అలవాటు కాలేదు. సెలవులో ఆ పండగ వస్తే చెవుల్లో దూది పెట్టుకుని వెనకగదిలో పడుకునేవాణ్ణి. ఎందుకని పిల్లలు అడిగితే తలనొప్పి అనేవాణ్ణి.

ఇప్పుడు మా మనవరాలి సంగతి. హైదరాబాదులో ఈ ఆటకు ఈనాడు మంచి పేరుంది. అక్కడ పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. ఆ వార్త చూసిన మా మనవరాలు తానూ పిస్తోలు పట్టుకుంటానన్నది. మొన్నటి సెలవులో, "తాతయ్యా, నువ్వూ రా" అని చెయ్యి పట్టుకుని రేంజికి తీసుకుపోయింది. తలనొప్పి అన్నాను. వినలేదు.

లోపలికి పోయేముందే నా అరచేతులు తడిశాయి. కాని అక్కడి చప్పుడు వేరు. గాలి పిస్తోలు "టప్" మంటుంది, అంతే. పది మీటర్ల దూరంలో కాగితం. దాని నడిమి పది మార్కుల వలయం అడ్డం కొలత పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే మన చొక్కా గుండీ అంత. రైఫిల్‌కైతే అది అర మిల్లీమీటరు చుక్క, కలంతో పెట్టిన పొల్లు. గుండు నాలుగున్నర మిల్లీమీటర్లది. తుపాకి ఎప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి, కాల్చే క్షణం దాకా వేలు గుర్రం మీదికి పోకూడదు, ఆపమంటే అందరూ ఒక్కసారే ఆపాలి. గుడిలోకన్నా అక్కడ క్రమశిక్షణ ఎక్కువ.

నా చేతికి పిస్తోలు ఇచ్చి, "ఏం కనిపిస్తున్నది సార్?" అని అడిగాడు శిక్షకుడు. భారతం చూసినవాణ్ణి కదా, "నల్లచుక్క తప్ప ఏమీ కనిపించడం లేదు" అన్నాను గర్వంగా. ఆయన నవ్వాడు. "అదే తప్పు సార్. చుక్కను చూడకండి. మీ పిస్తోలు కొసనున్న మొనను చూడండి. కంటికి అది స్పష్టంగా కనిపించాలి, చుక్క మసకగా ఉన్నా ఫరవాలేదు. మొన కొంచెం కదిలినా అక్కడ పెద్ద తేడా వస్తుంది. దూరంగా ఉన్నదాన్ని చూస్తూ కూర్చుంటే చేతిలో ఉన్నది ఎటు పోయిందో తెలియదు" అన్నాడు.

పిస్తోలు బల్లమీద పెట్టి కాసేపు కుర్చీలో కూర్చున్నాను. ఆయన చెప్పింది నా జీవితం గురించేననిపించింది. దూరపు చుక్కనే చూస్తూ, చేతిలో ఉన్నదేమిటో చూడకుండా ఎన్నేళ్ళు గడిచిపోయాయి! గుమ్మంలో నేను, తెరలో నన్ను వెతుకుతూ అమ్మ. అటు నేనూ అంతే. దగ్గరి మనుషుల కోసమే అనుకుంటూ ఆ మనుషులనే మసక చేసుకున్నవాణ్ణి.

తర్వాత లేచి పది గుండ్లు కాల్చాను. అన్నీ కలిపి వచ్చిన మార్కులు చెబితే మీరు నవ్వుతారు. కాని ముప్పయి ఏళ్ళకు పైగా చెవుల్లో పెట్టుకున్న దూది ఆ రోజు తీసేశాను.

అర్జునుడిది తప్పని నేననను. ఎగిరే గురికి ఆయన పద్ధతే సరి. మట్టిపళ్ళేలను కొట్టే ట్రాప్, స్కీట్ పోటీల్లో తుపాకిని చూడకూడదు, రెండు కళ్ళూ తెరిచి పళ్ళేన్నే చూడాలి. స్కీట్‌లో పళ్ళెం కనిపించేదాకా తుపాకి నడుము దగ్గరే ఉండాలి. పిలిచాక అది వెంటనే రావచ్చు, మూడు సెకన్లు ఆగి రావచ్చు. ఆ ఆటలో కువైట్‌వారు ఘనులు. ఈ దేశానికి వచ్చిన ఒలింపిక్ పతకాలన్నీ తుపాకి గురిలో వచ్చినవే. మొదటిది 2000 సిడ్నీలో ఫెహైద్ అల్ దైహానీ తెచ్చిన కాంస్యం. 2016 రియో నాటికి కువైట్‌పై అంతర్జాతీయ నిషేధం ఉన్నందువల్ల ఆయన తన జెండా లేకుండానే, స్వతంత్ర క్రీడాకారుడిగా నిలబడి డబుల్ ట్రాప్‌లో స్వర్ణం గెలిచాడు. అబ్దుల్లా అల్ రషీదీ అరవై ఏళ్ళ వయస్సులో, హాంగ్‌జౌలో, స్కీట్ ఫైనల్లో అరవైకి అరవై కొట్టాడు. అరవై నిండితే ఇక పనికిరామని మనలో మనం అనుకునేవాళ్ళం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అవే క్రీడల్లో ట్రాప్ జట్ల పోటీలో భారత్‌కు స్వర్ణం, కువైట్‌కు రజతం. భారత జట్టులో మన హైదరాబాదు కైనన్ చెనాయ్ ఉన్నాడు. ఆ రోజు ఎవరు గెలిచినా నాకు సంతోషమే అయ్యేది. తిన్నది ఇక్కడి ఉప్పు, పుట్టింది అక్కడి మట్టి.

మిత్రులారా, ఇక్కడున్న పడుచువాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీరు కూడా ఏదో గురిపెట్టుకునే ఈ ఎడారికి వచ్చారు. ఆ గురి మానమని చెప్పను. కాని రాత్రి ఫోనులో ఇంటివాళ్ళ ముఖాలు కనిపించినప్పుడు గోడ ఎంత ఎత్తు లేచింది, స్లాబు ఎప్పుడు వేస్తారు అని అడిగేముందు, ఎదురుగా ఉన్న ముఖాన్ని కాసేపు చూడండి. మాకు ఆ అదృష్టం లేదు. మేం ఉత్తరాల్లో రామాయణం చూసినవాళ్ళం.

ఆ రంగుల టీవీ బొమ్మ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో ఎవరూ పారేయలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ దానిమీద గుడ్డ కప్పి ఉంచేది. ఇప్పుడు దానిమీద మా మనవరాలు తన మొదటి పతకం పెట్టింది. జిల్లా పోటీలో మూడో స్థానం, కంచుది. ఆ పతకం కొట్టిన రోజు నేను ఇక్కడ లేను, అక్కడే ఉన్నాను.