బిల్లు పోయినా హక్కు పోదు



డిసెంబరు నెలలో మనకు రెండు తేదీలు ముఖ్యమైనవి. 17వ తేదీ పింఛనుదారుల దినోత్సవం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగికి హక్కుగా రావలసినదని తీర్పు చెప్పింది. సరిగ్గా వారం తరువాత, 24వ తేదీ, జాతీయ వినియోగదారుల దినోత్సవం. 1986లో ఆ రోజున వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. మొదటి తేదీ గురించి ఈ వేదిక మీద ఎన్నోసార్లు చెప్పుకున్నాం. రెండవదాని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆజ్ఞాపించారు.

ఫ్లాట్లు, ఇన్సూరెన్సు వంటి పెద్ద విషయాల జోలికి నేను పోను. కొన్న బట్టలో లోపం బయటపడింది, చేతిలో బిల్లు లేదు. అప్పుడేం చేయాలి? ఇదీ నేటి నా విషయం. చిన్న సంగతే అనిపించవచ్చు. కాని ఫ్యామిలీ పెన్షను మీద నెల గడుపుకొనే సోదరికి ఒక చీర ఖరీదు చిన్న సంగతి కాదు.

దుకాణం వాడు అడిగేది ఒకే ప్రశ్న: "బిల్లు ఉందా అమ్మా?" ఆ ఒక్క మాటతో మనం మెట్లు దిగి వచ్చేస్తాం. అసలు బిల్లు మన దగ్గర ఎందుకుండదు? సగం బట్టలు మనం కొన్నవి కావు, పండక్కో గృహప్రవేశానికో పిల్లలూ బంధువులూ పెట్టినవి. కొన్నిచోట్ల బిల్లు బదులు 'ఎస్టిమేటు' అని రాసిన తెల్ల చీటీ చేతిలో పెడతారు. అచ్చు బిల్లు ఇచ్చినా, ఆ నున్నటి కాగితం మీది అక్షరాలు నాలుగు నెలల్లో వెలిసిపోతాయి.

ఉద్యోగమంతా వోచరు లేనిదే రూపాయి కదలనివ్వని గుమాస్తాను నేను. అందుకే ఒక మాట చెబుతాను. వోచరు ఖర్చుకు రుజువు మాత్రమే, వోచరే ఖర్చు కాదు. అలాగే బిల్లు కొనుగోలుకు ఒక రుజువు. రుజువు మరో రూపంలో ఉంటే హక్కు ఎక్కడికీ పోదు.

చట్టం ఏమంటోంది? 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వ్యాపారి అమ్మే సరుకు అమ్మదగిన నాణ్యత కలిగి ఉండాలి. అయితే కొనేవారు పరిశీలించి చూసిన సరుకులో కంటికి కనబడే లోపానికి ఇది వర్తించదు. కనుక చిరుగు, మరక, అంచు తేడా వంటివి కొట్టులోనే విప్పి చూసుకోవాలి. రంగు దిగడం వంటి దాగిన లోపం వేరు. అది నీళ్ళు తగిలితే గాని తెలియదు.

2020 జూలై నుండి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మరో మూడు మేళ్ళు చేసింది. ఒకటి, బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపార పద్ధతిగా చెప్పింది. అంటే బిల్లు లేదన్న తప్పు తరచు మనది కాదు, వారిది. రెండు, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకొని సొమ్ము ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. మూడు, కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా వినియోగదారులే. కనుక అల్లుడు పెట్టిన పంచె అయినా సరే, అడిగే అర్హత మనకుంది.

పోయిన ఏడాది మా పక్కింటి వదినగారు 4,200 రూపాయలు పెట్టి కూతురి సీమంతానికి నూలు చీర కొన్నారు. మొదటిసారి చన్నీళ్ళలో ముంచగానే అంచు ఎరుపంతా దిగి మీగడరంగు చీర మీద మరకలు పడ్డాయి. ఆమె దగ్గరున్నది చేతిరాత చీటీ మాత్రమే. నన్ను తోడు రమ్మన్నారు. కౌంటరులోని అబ్బాయి గోడ మీది బోర్డు చూపించాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. "బాబూ, ఈ చీర మీ కొట్టుది కాదంటావా?" అని అడిగాను. జవాబు లేదు. వదినగారి మనవడి ఫోనులో డబ్బు చెల్లించిన సందేశం ఉంది. అందులో తేదీ, మొత్తం, కొట్టు పేరు అన్నీ ఉన్నాయి. చీరకు ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. దాని మీది నంబరు కంప్యూటరులో కొట్టిస్తే అమ్మకం వివరం అదే తేదీతో బయటికి వచ్చింది.

అప్పుడు మేనేజరు వచ్చి వేరే చీర తీసుకోమన్నాడు. "సీమంతం అయిపోయింది నాయనా, నాకు డబ్బే కావాలి" అన్నారావిడ. యజమానిని అడగాలన్నాడు. అక్కడే రెండు ప్రతులుగా ఉత్తరం రాసి, ఒక దాని మీద ముద్ర, సంతకం తీసుకున్నాం. పదకొండవ రోజున కబురు చేశాడు. "పెద్దావిడ కదా అని ఇస్తున్నామండీ" అన్నాడు. "పెద్దావిడని కాదయ్యా, చీరలో లోపం ఉందని ఇస్తున్నామని రసీదులో రాయి" అన్నాను. నవ్వి, రాశాడు. 4,200 చేతికి వచ్చాయి.

కాబట్టి మిత్రులారా, కొన్ని జాగ్రత్తలు. లోపం కనబడగానే వాడడం ఆపండి. మళ్ళీ ఉతకవద్దు, అద్దకానికి ఇవ్వవద్దు. ధర చీటీ, సంచీ, పెట్టె పారవేయకండి. ఫోను సందేశం, బ్యాంకు పాస్‌బుక్కులోని పద్దు, వెంట వచ్చినవారి సాక్ష్యం, ఇవన్నీ పనికొచ్చేవే. నెల దాటకుండా వెళ్ళండి. నోటిమాటతో సరిపెట్టక ఉత్తరం ఇచ్చి అక్నాలెడ్జిమెంటు తీసుకోండి. ఈ పని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు!

అయినా వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను ఉంది. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఊరుగాని ఊళ్ళో కొన్నా, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. గడువు రెండేళ్ళు. రంగుల తగవు తేలకపోతే కమిషనే బట్టను ప్రయోగశాలకు పంపిస్తుంది.

న్యాయం రెండు వైపులా ఉండాలి గనుక ఇదీ చెప్పాలి. రంగు నచ్చలేదని, కోడలికి ముదురుగా కనిపించిందని తెస్తే వాపసు తీసుకోవడం వ్యాపారి మర్యాదే గాని చట్టం విధించిన బాధ్యత కాదు. లోపం ఇదీ అని ముందే చెప్పి తగ్గింపు ధరకు అమ్మిన బట్టకు ఆ లోపం మీద పేచీ పెట్టకూడదు. కట్టి, నలిపి, పెళ్ళికి తిరిగి వచ్చి వంక పెట్టడం మన వయసుకు తగదు.

ఇక ముందు మాత్రం బిల్లు అడిగి తీసుకోండి. జీఎస్టీలో నమోదైన దుకాణం 200 రూపాయలు, ఆ పైన అమ్మకానికి బిల్లు ఇచ్చి తీరాలి. అంతకు తక్కువైనా మనం అడిగితే ఇవ్వాలి. తీసుకున్న వెంటనే ఫోనులో ఫోటో తీయించండి, అక్షరాలు వెలిసిపోయినా నకలు ఉంటుంది. బంధువులకు బట్టలు పెట్టేటప్పుడు బిల్లు మీ దగ్గర భద్రంగా ఉంచి, అవసరమైతే అడగమని వారితో చెప్పండి.

మన సభ్యులలో ఎవరికైనా ఇటువంటి ఇబ్బంది వస్తే, ముఖ్యంగా ఒంటరిగా ఉన్న సోదరీమణులకు, తోడుగా వెళ్ళడానికి నేను సిద్ధం. ఉత్తరం ముసాయిదా రాసి పెట్టడం నాకింకా చేతనవుతుంది.