మెల్లగా పాడిన పాట

పాట పుట్టిన ఊరు ఒకటి, పెరిగిన ఊరు మరొకటి కావచ్చును. త్యాగరాజస్వామి కావేరీ తీరమున కూర్చిన తెలుగు కృతులను తెలుగు రానివారు తరతరాలుగా పాడుకొంటూనే ఉన్నారు. అర్థము తెలియనంత మాత్రాన పాట పరాయిదైపోదనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు. ఆ లెక్కన, ఎక్కడో దక్షిణ అమెరికాలో, బ్రెజిలు దేశపు రియో డి జెనీరో నగరములో పుట్టిన బోసానోవా పాటలు మన బేగంపేటలో కొందరు పిల్లల బాల్యముతో పెనవేసుకొన్నవంటే వింతపడవలసినది లేదు. ఆ పిల్లలలో మేము కూడా ఉన్నాము. ఆ పాటలు మాకెట్లు చేరినవి, అవి మాకు నేర్పినదేమి అన్న సంగతులే నేటి ప్రసంగ విషయము.

బేగంపేట అనగానే 1980, 1990 దశకాలలో ఎవరికైనా మొదట తోచేది విమానాశ్రయము. అక్కడ కాపురమున్న వారికి అది చూపు కన్న ముందు చెవికే తెలిసేది. విమానము దిగే వేళకు మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపి, అది దాటిపోయిన పిమ్మట ఆపినచోటనే అందుకొనుట ఆ చుట్టుపట్ల ఇళ్ళలో అందరికీ అలవాటు. కిటికీ రెక్కలు గడగడలాడేవి, గూటిలోని గిన్నెలు చప్పుడు చేసేవి. ఇంతటి రొదలో పెరిగిన మాకు ప్రపంచములోని మిక్కిలి నెమ్మదియైన పాటలలో ఒకటి తోడు కావడము ఒక చమత్కారము.

మాది రెండు గదుల పోర్షను. ముందు గదిలో మా నాయనమ్మ మంచము పట్టి ఉండేది. మా చిన్నాయన కరీంనగరు జిల్లాలోని ఊరు విడిచి, దుబాయిలో ఒక హోటలు వంటశాలలో పనికి కుదిరినాడు. మొదటిసారి సెలవు మీద వచ్చినపుడు రేడియో, టేపురికార్డరు రెండూ కలిసిన టూ-ఇన్-వన్ ఒకటి, నాలుగైదు కేసెట్లు తెచ్చినాడు. అందులో ఒకటి ఆయనతో పనిచేసే గోవా మిత్రుడు స్వయముగా నింపి ఇచ్చినది. గోవా 1961 వరకు పోర్చుగీసు ఏలుబడిలో ఉండినది. బ్రెజిలు కూడా 1822 వరకు ఆ ఏలుబడిలోనిదే. కనుక ఆ పెద్దమనిషికి చిన్ననాట బడిలో చదివిన పోర్చుగీసు భాష మీద, ఆ భాషలోని పాటల మీద మక్కువ ఉండుట సహజము. ఈ విధముగా రియో నగరపు పాట గోవా వాని చేతి మీదుగా, దుబాయి వంటశాల మీదుగా, కరీంనగరు వాని పెట్టెలో బేగంపేట చేరినది. పాటలు ప్రయాణము చేసే దారులు పటములలో కనబడవు.

నాయనమ్మకు నిద్రాభంగము కారాదని టేపురికార్డరును ఎప్పుడూ చిన్నగానే పెట్టవలెనని ఇంట్లో కట్టడి. ఉదయము వివిధ భారతి అయినా, రాత్రి కేసెట్టు అయినా అంతే. తక్కిన కేసెట్లన్నీ అట్లు పెడితే వినబడీ వినబడక విసుగు పుట్టించేవి. గోవా మిత్రుని కేసెట్టు ఒక్కటి మాత్రము ఆ తగ్గు స్వరములోనే నిండుగా వినబడేది. ఒక రాత్రి నాయనమ్మ చెవియొగ్గి విని అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకొంటాము. "ఎవర్రా ఆ పిలగాడు? పక్కింటోళ్ళు లేస్తరేమో అన్నట్టు పాడుతుండు" అన్నది. సంగీత విమర్శకులు పుటల కొలది వ్రాసిన సంగతిని ఆమె ఒక్క మాటలో తేల్చివేసినది.

ఆ పిలగాడు జొవావ్ జిల్బెర్తో. 1931లో బాహియా రాష్ట్రములో పుట్టినాడు. అంతకు ముందు బ్రెజిలు సంగీతమంటే సాంబా. అది వీధుల పాట, కార్నివాల్ ఊరేగింపుల పాట. పెద్ద పెద్ద డోళ్ళు, వందల గొంతులు, వేల అడుగులు దానికి ప్రాణము. జిల్బెర్తో 1950 దశకపు నడుమ కొంతకాలము ఉపాధి లేక, డయమంతీనా అనే ఊరిలో తన సోదరి ఇంట తలదాచుకొన్నాడు. అక్కడ గంటల తరబడి స్నానాలగదిలో కూర్చుండి గిటారుతో సాధన చేసేవాడట. పలకలు పరచిన ఆ ఇరుకు గదిలో ఎంత మెల్లగా పాడినా గొంతు తిరిగి చెవికి చేరేది. ఊరేగింపంత సాంబాను ఒక్క గిటారులోనికి, ఒక్క ఊపిరిలోనికి కుదించే విద్య అక్కడ పట్టుబడినది.

1958 జూలైలో ఆయన రికార్డు చేసిన ఒక పాటతో ఈ కొత్త తీరు లోకానికి తెలిసినది. పాట నిడివి రెండు నిమిషాలు. స్వరకర్త ఆంతోనియో కార్లోస్ జోబిం. సాహిత్యము కవి, దౌత్యాధికారి అయిన వినీసియస్ ది మొరాయిస్ వ్రాసినది. బోసా అంటే వాడుకలో ఒడుపు అనవచ్చును, నోవా అంటే కొత్త. కొత్త ఒడుపు అన్న మాట. కోపకబానా తీరాన బహుళ అంతస్తుల మేడలలో, ముఖ్యముగా నారా లెయావ్ అనే యువతి ఇంటిలో, ఆ నాటి యువకులు రాత్రుళ్ళు చేరి పాడుకొనేవారు. గోడకు గోడ ఆనుకొన్న ఇళ్ళవి. బహిరంగ వీథిలో పుట్టిన సాంబా అపార్టుమెంటులోనికి వచ్చేసరికి గొంతు తగ్గించుకొన్నది.

పిమ్మట 1962 నవంబరులో న్యూయార్కు కార్నెగీ హాలులో ఈ పాటల కచేరి జరిగినది. 1963 మార్చిలో అమెరికను శాక్సఫోను విద్వాంసుడు స్టాన్ గెట్జ్, జిల్బెర్తో, జోబిం కలిసి ఒక ఆల్బము రికార్డు చేసినారు. అందులో ఇపనేమా తీరపు అమ్మాయిని గూర్చిన పాటను ఆంగ్లములో పాడినది ఆస్త్రూద్ జిల్బెర్తో. అప్పటికి ఆమె వృత్తి గాయని కాదు, ఇరువది రెండేళ్ళ ఇల్లాలు. ఆ ఆల్బమునకు, ఆ పాటకు 1965లో గ్రామీ బహుమానాలు వచ్చినవి. మన దేశమునకు కూడా ఆ లయ ఆలస్యము లేకుండానే చేరినది. 1966 నాటి హిందీ చిత్రము పతి పత్నీలో ఆర్.డి. బర్మన్ దానిని వాడినారు.

ఈ పాటలో ఉన్న పనితనమును మన సంగీత పరిభాషలో చెప్పుకొంటే సులభముగా బోధపడును. గిటారు వాయించే చేతి బొటనవ్రేలు తగ్గు తీగల మీద సాంబా పెద్ద డోలు దెబ్బను నిలకడగా వేస్తూ ఉండును. తక్కిన వ్రేళ్ళు చిన్న డప్పు దరువులను ఎడముగా, ఎదురెదురుగా పలికించును. గొంతు ఈ రెంటికీ లొంగక, కొంత ముందు, కొంత వెనుకగా నడచుచు, చివరకు తాళములో వచ్చి కలియును. మన గాయకుడు అనాగతము, అతీతము చూపినట్లే.

అంతకంటె విశేషము మరొకటి ఉన్నది. మన సంగీతములో శ్రుతి కదలదు. తంబురా ఒకే షడ్జమును పట్టుకొని ఉండగా స్వరములు దాని మీద విహరించును. జోబిం కూర్చిన ఒక పాటకు పేరే ఒక్క స్వరపు సాంబా. అందులో గొంతు చాలసేపు ఒకే స్వరమును పట్టుకొని ఉండును. క్రింద గిటారు పలికే స్వరసముదాయములు మాత్రము మారిపోవుచుండును. స్వరము కదలలేదు, కాని దాని రంగు మారినది. మనిషి ఉన్నచోటనే ఉండగా కాళ్ళ క్రింది నేల జరిగిపోయినట్లుండును. మన ఇంట శ్రుతి నిలిచి స్వరము నడచును. వారింట స్వరము నిలిచి ఆధారము నడచును.

అయితే ఈ మెల్లని గొంతు కేవలము బ్రెజిలు సొత్తు అని భావించరాదు. మన పద్యనాటకాల కాలములో నటుడు ఎత్తిన రాగము చివరి వరుసలో నేల మీద కూర్చున్న వానికి కూడా అందవలెను. మైకులేని ఆ రోజులలో గొంతు పెద్దది కానిదే పాట లేదు. 1925 ప్రాంతములో విద్యుత్తు ద్వారా రికార్డు చేసే పద్ధతి వచ్చినది. రేడియో వచ్చినది. మైక్రోఫోను గాయకుని పెదవికి ఒక జానెడు దూరములో వచ్చి నిలిచినది. అప్పటి నుండి పాడేవానికి సభను గెలువవలసిన పని తప్పినది. ఒక్క చెవిని చేరితే చాలును.

ఆ మైక్రోఫోను ముందే మన లలిత సంగీతము పెరిగినది. 1938లో మద్రాసు రేడియో కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము నెలకొన్నవి. హైదరాబాదులోని దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటి వాగ్గేయకారులు ఆ స్టూడియోల కొరకే పాటలు కట్టినారు. సభలో మెప్పించుట వాటి లక్ష్యము కాదు, గదిలో ఒంటరిగా కూర్చున్న వానిని పలకరించుట వాటి లక్ష్యము. చలనచిత్రాలలో ఏ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్‌గార్ల గొంతులు ఈ కోవకు చెందినవే. రాజాగారు పాడిన మిస్సమ్మ 1955 నాటి చిత్రము, అనగా జిల్బెర్తో రికార్డుకు మూడేళ్ళ ముందటిది. ఒకరి ఊసు ఒకరికి తెలియకుండనే రెండు ఖండాలలో ఒకే యంత్రము ఒకే విధమైన మార్దవమును పుట్టించినది. కనుకనే మా నాయనమ్మకు ఆ పరదేశి గొంతు కొత్తగా తోచలేదు. రేడియోలో విన్న పాటలకు అది చుట్టమే.

బ్రెజిలు వారికి ప్రీతిపాత్రమైన మాట ఒకటి ఉన్నది, సౌదాజి. ఆంగ్లములోనికి దీనిని తేవడము దుస్సాధ్యమని పండితులు చెప్పుదురు. దూరమైన వారి కొరకు, గడచిన దాని కొరకు మనసు లోలోపల లాగుట అని వివరించుదురు. తెలుగువారికి ఇంత వివరణ అక్కరలేదు. మనకు బెంగ ఉన్నది. హాస్టలులోని పిల్లవానికి, కొత్త కోడలికి, పరదేశములోని కూలివానికి, వాని తల్లికి కూడా సరిపోయే మాట. 1958 నాటి ఆ మొదటి పాట పేరును తెలుగు చేస్తే ఇక బెంగ చాలు అని వచ్చును. ఆ అర్థము మాకు తెలిసినది చాలా కాలము తరువాత, విశ్వవిద్యాలయములో చదువుకొనే రోజులలో. తెలిసిన నాడు మా ఇల్లే కన్నుల ముందు నిలిచినది.

ఏలననగా బెంగ మా ఇంట్లో నిత్యము ఉండేది. చిన్నాయన రెండేళ్ళకు ఒకసారి వచ్చేవాడు. బొంబాయి మీదుగా బస్సులోనో రైలులోనో వచ్చేవాడు. ఆ సంగతి ఎంత చెప్పినా నాయనమ్మ ఒప్పుకొనేది కాదు. కొడుకు విమానమెక్కి పోయినాడు గనుక విమానములోనే వచ్చునని ఆమె నమ్మకము. ఇంటి మీదుగా విమానము దిగిన ప్రతిసారి, "మనోడేనా?" అని అడిగేది. మేము పిల్లలము, కాదని చెప్పుటకు నోరు రాక, "రేపు కావచ్చు నాయనమ్మా" అనేవారము. కేసెట్టు చిన్నగా తిరుగుతూ ఉండేది. ఆ కేసెట్టులోనే జోబిం కూర్చిన విమానపు సాంబా కూడా ఉన్నది. విమానము దిగబోవుచుండగా తన ఊరిని పైనుండి చూచి పొంగిపోయే వాని పాట అది. రియోలోని గలెయావ్ విమానాశ్రయమును తలచిన పాట. మాకు భాష రాదు. పైన విమానాల మోత, క్రింద విమానపు పాట, నడుమ నాయనమ్మ ప్రశ్న ఒకే గదిలో ఉన్నవని ఆనాడు మాకు తెలియదు. 1993లో ఆమె కన్నుమూసినది. చిన్నాయనకు సెలవు దొరికి వచ్చేసరికి పదునొకండవ దినము గడచిపోయినది. ఆయన ఏమీ అడుగలేదు. ఆ రాత్రి కేసెట్టు పెట్టుమన్నాడు. పెంచవద్దని చేతితో సైగ చేసినాడు. ఉన్న కొద్దిపాటి చప్పుడులోనే తెల్లవారుదాకా విన్నాడు.

జోబిం 1994లో గతించినాడు. 1999లో రియోవాసులు గలెయావ్ విమానాశ్రయమునకు ఆయన పేరు జోడించినారు. జిల్బెర్తో 2019లోను, ఆస్త్రూద్ 2023లోను వెళ్ళిపోయినారు. మన బేగంపేటలో 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలినవి. రొద తగ్గునేమో అని అనుకొన్నారు కొందరు. తగ్గలేదు. 2017 నుండి మెట్రోరైలు అమీరుపేట, బేగంపేటల మీదుగా నడచుచున్నది. క్రింద వాహనాల హారన్లు, పెండ్లి ఊరేగింపుల డీజేలు, ప్రతి దుకాణము ముందు ఒక స్పీకరు. ఎవరి పాట వారు పెంచుకొంటున్నారు. పాట పెంచిన కొద్దీ పక్కవాని పాట కూడా పెరుగును. చివరకు ఎవరి పాటా ఎవరికీ వినబడదు.

మా వంటి రేడియో ఉద్యోగులకు కొలువులో చేరిన తొలినాళ్ళలోనే చెప్పే మాట ఒకటి ఉన్నది. మైకు ముందు లక్షమందితో మాట్లాడుచున్నట్లు మాట్లాడవద్దు, గదిలో ఉన్న ఒక్కరితో మాట్లాడుచున్నట్లు మాట్లాడుమని. ఆ పాఠము మాకు కొత్తగా తోచలేదు. మంచము మీది ముసలితల్లి నిద్ర చెడకుండా, ఆమె మెలకువగా ఉంటే ఒంటరితనము తెలియకుండా, ఎంత చప్పుడు చేయవలెనో ఆ కేసెట్టు మాకు ముందే నేర్పినది. పక్కవాడు ఉన్నాడని తలచి పాడేవాడే పక్కవానికి తోడు కాగలడు. ఈ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా నిద్రకు దూరమై ఉంటే, మీకు నచ్చిన పాటను ఒకసారి చిన్నగా పెట్టి చూడండి. ఏ భాషదైనా సరే. అట్లు పెట్టినపుడు కూడా నిండుగా వినబడితే అది మంచి పాట.